తనంతట తాను శ్రుతి చేసుకొనే గిటారు: ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

ఎలక్ట్రిక్ గిటారుకు ఆరు తీగలు. మామూలు పద్ధతిలో శ్రుతి చేస్తే అన్నిటికన్నా లావుపాటి తీగ సెకనుకు సుమారు 82 సార్లు, అన్నిటికన్నా సన్నటి తీగ సుమారు 330 సార్లు కంపిస్తుంది. వీణకు బిరడలున్నట్టే గిటారు తల దగ్గర ఆరు కీలుంటాయి. కీ బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, సడలిస్తే దిగుతుంది. బిరడ తిప్పే ఆ పనిని వేళ్ల నుంచి తీసుకుని చిన్న చిన్న మోటార్లకు అప్పగించిందే ఆటోమేటిక్ ట్యూనింగ్. బటన్ నొక్కి ఆరు తీగలనూ ఒక్కసారి మీటితే సన్నటి రొదతో కీలు వాటంతటవే తిరుగుతాయి. కొన్ని క్షణాల్లో గిటారు శ్రుతిలో కూర్చుంటుంది. కూర్చోనప్పుడు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి అన్నదే ఈ ప్రసంగ విషయం.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని కొలరాడోలో నీల్ స్కిన్ తయారుచేసిన ట్రాన్స్‌పర్ఫార్మెన్స్ అనే యంత్రాన్ని లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ 1990లలోనే తన గిటారులో పెట్టించుకున్నాడు. అంగట్లో కొనుక్కోగలిగే వాద్యంగా గిబ్సన్ కంపెనీ 2007 చివర్లో రోబోట్ గిటారును తెచ్చింది. దానిలోని యంత్రాంగం జర్మనీలోని హాంబర్గ్ నగరానికి చెందిన ట్రానికల్ సంస్థది. అదే చిన్నదై, తేలికై, మిన్-ఈ-ట్యూన్ అని, తర్వాత జీ-ఫోర్స్ అని పేరు మార్చుకుంది. 2015లో గిబ్సన్ తన అమెరికా తయారీ గిటార్లలో చాలావాటికి జీ-ఫోర్స్ బిగించే అమ్మింది. కొనేవారిలో చాలామందికి అది రుచించలేదు. మరుసటి ఏడాది నుంచి కొన్ని ఖరీదైన రకాలకే దాన్ని పరిమితం చేసింది. అందుకే ఇవాళ ఇటువంటి గిటారు ఎవరి చేతికైనా వస్తే, అది ఒకటి రెండు చేతులు మారి వచ్చినదే అయ్యే అవకాశం ఎక్కువ. దానితోపాటు మాన్యువల్ రాకపోవచ్చు, అసలు ఛార్జర్ రాకపోవచ్చు. సమస్యల్లో సగం అక్కడే మొదలవుతాయి.

రెండో రకం ఒకటుంది. పీవీ కంపెనీ ఏటీ-200 అనే గిటారులో మోటార్లే లేవు. గాయకుల గొంతును సరిదిద్దే ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్‌ను 1997లో తెచ్చిన ఆంటారెస్ సంస్థ పరిజ్ఞానం అందులో పనిచేస్తుంది. దాన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల కోసం భూమిలోకి పంపే ధ్వనితరంగాలను విశ్లేషించిన ఇంజనీరు. ఈ గిటారులో తీగ బిగువు మారదు. తీగ పలికిన స్వరాన్ని లోపలి కంప్యూటరు సరిచేసి స్పీకరుకు పంపుతుంది. కనుక గిటారు దగ్గర చెవి పెడితే అపశ్రుతి, స్పీకరులో వింటే సరైన శ్రుతి వినబడుతుంది. అది లోపం కాదు, దాని స్వభావమే. చేతికొచ్చిన గిటారు ఈ రెండు రకాల్లో ఏదో తేల్చుకోకుండా మరమ్మతుకు దిగితే శ్రమంతా వృథా.

మోటార్ల రకంలో జరిగేది మూడు పనులు. తీగ కంపనాన్ని ఒక సెన్సార్ వింటుంది. లోపలి చిప్పు ఆ కంపనాన్ని లెక్కించి, ఉండవలసిన లెక్కతో పోలుస్తుంది. తేడా ఉంటే మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. మోటారు తిప్పాక సెన్సార్ మళ్లీ వింటుంది. తేడా పోయేదాకా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. వినడం తప్పిందా, లెక్క తప్పిందా, తిప్పడం తప్పిందా అని విడదీసి చూస్తే జబ్బు దొరుకుతుంది. నిజానికి ఎక్కువసార్లు ఈ మూడూ బాగానే ఉంటాయి. తప్పు తీగలో ఉంటుంది.

మొదట చూడవలసింది తీగనే. ఆరు తీగల బిగువు కలిపితే 40 కిలోల పైమాట. కొత్త తీగ ఆ బరువుకు మొదటి ఒకటి రెండు రోజులు సాగుతూనే ఉంటుంది. యంత్రం శ్రుతి చేస్తుంది, తీగ సాగుతుంది, శ్రుతి దిగుతుంది. యంత్రం చెడిపోయిందని వాయించేవారు అనుకుంటారు. కొత్త తీగ వేసిన వెంటనే దాన్ని మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, ఇలా నాలుగైదు సార్లు చేస్తే సాగవలసినంత సాగి నిలబడుతుంది. పాత తీగది వేరే గొడవ. చెమట పట్టి, తుప్పెక్కి, మెట్లకు ఒరిసి అక్కడక్కడా చదునైన తీగ పొడవునా ఒక్కలా కంపించదు. దాని స్వరమే నిలకడగా ఉండదు కాబట్టి యంత్రం ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పుతూ తడబడుతుంది. నూనె చేతులతో, చెమట చేతులతో వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడిచే అలవాటు ఈ యంత్రానికి చేసే మొదటి సేవ.

తీగ తర్వాత నట్. తల నుంచి మెడ మొదలయ్యే చోట తీగలు గాళ్లలోంచి జారే చిన్న పట్టీ అది. గాడి ఇరుకుగా ఉంటే తీగ అందులో పట్టుకుపోతుంది. మోటారు తిరుగుతుంది, కీకీ నట్‌కీ మధ్యనున్న తీగ బిగుస్తుంది, వాయించే వైపు తీగ మాత్రం కదలదు. బిగువు బాగా పెరిగాక ఒక్కసారి ‘టిక్’మని జారుతుంది. ఆ జారడంలో శ్రుతి ఉండవలసిన చోటు దాటి పైకి పోతుంది. యంత్రం కిందికి తిప్పుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ ‘టిక్’. శ్రుతి చేసేటప్పుడు ఈ చప్పుడు వినబడిందంటే మోటారును అనుమానించనక్కర్లేదు. మందు ఇంట్లోనే ఉంది. తీగను వదులు చేసి గాడిలోంచి పక్కకు తీయాలి. మెత్తటి పెన్సిలు మొనను గాడిలో అటూ ఇటూ నాలుగు సార్లు రుద్దాలి. ఆ నల్లటి పొడి గ్రాఫైట్, తీగ జారడానికి అది చాలు. తీగను తిరిగి గాడిలో పెట్టి, చేత్తో రెండుసార్లు బిగించి వదిలి చూడాలి. నూనె మాత్రం వేయకూడదు. దుమ్ము అంటుకుని గాడి ఇంకా బిగుసుకుపోతుంది.

కీ కడ్డీకి తీగ చుట్టిన తీరు కూడా చూడాలి. వదులుగా చుట్టిన తీగ మోటారు తిప్పినప్పుడల్లా కాస్త జారుతుంది. మోటారు తిరుగుతున్నా శ్రుతి పెరగకపోతే, నట్ కూడా బాగానే ఉంటే, తీగ కడ్డీ మీద జారుతున్నట్టే.

ఇక వేడి. ఎండలు మండే మన కడప జిల్లాలో దీని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పలక వాయించేవారు తోలు బిగియడానికి నిప్పు సెగ చూపిస్తారు. తోలుకు సెగ తగిలితే బిగుస్తుంది. ఉక్కు తీగకు సెగ తగిలితే సాగుతుంది, శ్రుతి దిగుతుంది. గిటారులో పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య శ్రుతి తేడాను 100 సెంట్లు అంటారు. ఐదారు సెంట్ల తేడాను సాధన ఉన్న చెవి పట్టేస్తుంది. లెక్క కడితే 10 డిగ్రీల వేడి పెరిగినప్పుడు సన్నటి తీగ 10 సెంట్ల చుట్టుపక్కల దిగుతుంది. లావుపాటి చుట్టుతీగ 20, 30 సెంట్ల దాకా దిగవచ్చు. లావు తీగ బరువులో ఎక్కువ భాగం పైచుట్టులో ఉంటుంది. బిగువు మోసే లోపలి ఉక్కుతీగ సాగింది తక్కువ, అందుకే కొద్ది వేడికే దాని బిగువు ఎక్కువ వంతు పోతుంది. మే నెలలో జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఫ్యాను కింద శ్రుతి చేసిన గిటారును దీపాల కింద వేదిక మీదికి తెస్తే పది నిమిషాల్లో అది శ్రుతి తప్పడానికి యంత్రం చెడనక్కర్లేదు. గిటారును పాట మొదలయ్యేందుకు పావుగంట ముందే వేదిక మీదికి తెచ్చి, అక్కడి వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు బటన్ నొక్కాలి. కొయ్య మెడ తీగ కన్నా నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి కాసేపయ్యాక ఇంకోసారి శ్రుతి చేయడం మేలు.

ఆ ఎండే బ్యాటరీకీ శత్రువు. ఈ యంత్రాల్లో చాలావాటిలో ఉండేది సెల్‌ఫోన్లలో ఉండే జాతి లిథియం బ్యాటరీ. మామూలుగా ఇలాంటి బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. కడప ఎండాకాలంలో నీడలోనే 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో ఎంత వేడి ఉంటుందో చెప్పనక్కర్లేదు. గిటారును కారులో వదిలి భోజనానికి వెళ్లి వచ్చేసరికి బ్యాటరీ ఆయుష్షు కొంత తరిగిపోతుంది. బ్యాటరీ బలహీనపడితే కనిపించే గుర్తులు తెలిసినవే. యంత్రం మీది దీపాలు వెలుగుతాయి గానీ మోటార్లు ఈడ్చుకుంటూ తిరుగుతాయి. సన్నటి తీగలు శ్రుతి కుదురుతాయి, ఎక్కువ బిగువున్న తీగల దగ్గర యంత్రం మధ్యలో ఆగిపోతుంది. దీపం వెలగడానికి చాలినంత కరెంటు మోటారు తిప్పడానికి చాలదు. దీపం వెలిగింది కదా అని బ్యాటరీని నిర్దోషిగా తేల్చేయకూడదు. నిండా ఛార్జ్ చేసి మళ్లీ చూడాలి, వీలైతే ఇంకో బ్యాటరీ వేసి చూడాలి. ఛార్జ్ చేయడానికి దాని సొంత ఛార్జరే వాడాలి. పట్టింది కదా అని చేతికందిన ఛార్జర్ తగిలిస్తే పోయేది బ్యాటరీ ఒక్కటే కాదు. నెలల తరబడి వాడని గిటారులో బ్యాటరీని సగం ఛార్జ్‌తో విడిగా తీసి, చల్లటి చోట ఉంచాలి.

తీగ బాగుంది, నట్ బాగుంది, బ్యాటరీ నిండుగా ఉంది, అయినా శ్రుతి కుదరడం లేదంటే వినడంలో తప్పుందేమో చూడాలి. ప్రొద్దుటూరు దసరా రాత్రిని ఊహిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అమ్మవారిశాల వీధుల్లో జనం, మేళం, తప్పెట్లు, నిలువెత్తు స్పీకర్ పెట్టెలు. అక్కడ ఆర్కెస్ట్రా వేదిక మీద బాస్ స్పీకరుకు ఎదురుగా నిలబడి గిటారు పట్టుకుంటే, కొయ్య శరీరం ఆ మోతకు వణకడం అరచేతికి తెలుస్తుంది. తీగ కంపనం వినవలసిన సెన్సార్ ఆ వణుకును కూడా వింటుంది. లావుపాటి తీగలకే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే స్పీకర్ మోత వాటి స్థాయిలోనే ఉంటుంది. స్పీకర్‌కు వీపు పెట్టి, గిటారును ఒంటికి ఆనించి, రెండు పాటల మధ్య డప్పులు ఆగిన వేళ శ్రుతి చేయాలి. తీగలను గట్టిగా బాదకూడదు. బాదిన క్షణంలో తీగ బిగుసుకుని స్వరం కాస్త ఎక్కువగా పలుకుతుంది. యంత్రం ఆ ఎక్కువను చూసి కిందికి దించేస్తుంది. సమానంగా, మెత్తగా మీటి, స్వరాన్ని పూర్తిగా మోగనివ్వాలి. అప్పటికీ ఏ తీగ దగ్గరో చిక్కు వస్తే మిగతా అయిదింటినీ అరచేత్తో నొక్కిపట్టి ఆ ఒక్కదాన్నే మీటాలి.

కరెంటు మోత సంగతి ఇంకా విశేషమైనది. మనదేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలతో వస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని చోట, జనరేటర్ మీద నడిచే చోట స్పీకర్లలో ‘గుంయ్’మని వినబడే మోత ఆ 50కి గుణిజాలు: 100, 150, 200, 250. గిటారులో డీ అని పిలిచే తీగ ఉండవలసింది సుమారు 147 దగ్గర. జీ తీగ 196. బీ తీగ సుమారు 247. మోతలోని 150, 200, 250 ఈ మూడింటికీ ఇరుగుపొరుగువే, వరుసగా 37, 35, 21 సెంట్లు పైన ఉంటాయి. తీగ స్వరం సన్నగిల్లుతున్న కొద్దీ మోత పైచేయి అయి, సరిగ్గా ఉన్న తీగను కూడా యంత్రం హెచ్చుశ్రుతిలో ఉందని లెక్కగట్టి వదులు చేయవచ్చు. అమెరికాలో కరెంటు 60 ఆవర్తాలది, దాని గుణిజాలు ఈ తీగలకు ఇంత దగ్గరగా రావు.  డీ, జీ, బీ ఈ మూడు తీగలే పదేపదే కాస్త దిగువన తేలుతుంటే ముందు కరెంటు మోతను అనుమానించాలి. ఆంప్లిఫైయర్ వాల్యూం పూర్తిగా తగ్గించో, గిటారు వైరు తీసేసో శ్రుతి చేసి చూస్తే నిజం తేలుతుంది. వైరు తీశాక సరిగ్గా కుదిరితే మరమ్మతు చేయవలసింది ఎర్తింగ్‌కు.

లెక్క తప్పే సందర్భాలు వేరు. బిగువు రెట్టింపైతే శ్రుతి రెట్టింపు కాదు, 1.4 రెట్లే అవుతుంది. పైస్థాయి షడ్జమం పలకాలంటే బిగువు నాలుగింతలు కావాలి. అంత బిగువుకు తీగ తెగే ప్రమాదమే ఎక్కువ. బాగా వదులైపోయిన తీగను యంత్రం ఇంకొక స్వరంగా పొరబడి, ఉండవలసిన చోటు దాటి బిగించుకుంటూ పోతే తీగ తెగుతుంది. అందుకే తీగ మార్చిన వెంటనే నేరుగా ఆటోమేటిక్‌కు వదలకూడదు. చాలా యంత్రాల్లో కొత్త తీగ ఎక్కించడానికి వేరే పద్ధతి ఉంటుంది. ముందు దానితోనో చేత్తోనో దగ్గరి శ్రుతికి తెచ్చి, ఆ తర్వాత బటన్ నొక్కాలి. ఇంకొక పొరపాటు మరీ సాధారణం: పాత యజమాని వేరే ట్యూనింగ్ పెట్టి వదిలేసి ఉంటాడు. యంత్రం తన పని సరిగ్గానే చేస్తోంది, శ్రుతి మాత్రం అరమెట్టో మెట్టో కిందికి వస్తోంది. ఆరు తీగలూ ఒకే తేడాతో తప్పితే సెట్టింగు తప్పు. ఒక్క తీగే తప్పితే చాలావరకు ఆ తీగదో, ఆ మోటారుదో తప్పు. ఈ ఒక్క పరీక్షతోనే సగం దూరం వెళ్లిపోవచ్చు.

ఆధార శ్రుతి తేడా కూడా ఇలాంటిదే. యంత్రం పైస్థాయిలోని ‘ఏ’ అనే స్వరాన్ని సెకనుకు 440 కంపనాలుగా పెట్టుకుని మిగతావి లెక్కిస్తుంది. పద్యనాటకాలకు వాయించే పాత హార్మోనియంలు సరిగ్గా 440లో ఉంటాయన్న నమ్మకం లేదు. హార్మోనియం రీడ్లను వేదిక మీద మార్చలేరు. గిటారే దానికి వంగాలి. ఆధార శ్రుతి మార్చే వీలుంటే మార్చాలి, లేకుంటే ఆ పూటకు చేత్తో శ్రుతి చేసుకోవడమే దారి. మరొక సంగతి చెవికి సంబంధించినది. తంబురా శ్రుతికి అలవాటుపడినవారికి యంత్రం కుదిర్చిన గిటారులో అంతర గాంధారం కాస్త హెచ్చుగా వినబడుతుంది. వారు చెప్పేది నిజమే. సహజ గాంధారం 386 సెంట్ల దగ్గర, గిటారు మెట్ల గాంధారం 400 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్లు మెట్ల అమరికలో ఉన్నవి. ఏ మోటారూ వాటిని తీర్చలేదు.

వట్టి తీగలు శ్రుతిలో ఉండి, పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే తప్పుతున్నప్పుడూ యంత్రాన్ని నిందించకూడదు. బ్రిడ్జి మీద, అంటే వీణ భాషలో గుర్రం మీద, తీగ కూర్చునే చోటును ముందుకో వెనక్కో జరపాలి. పన్నెండో మెట్టు స్వరం హెచ్చుగా ఉంటే తీగ పొడవు పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. దీనికి చిన్న స్క్రూడ్రైవరు, ఓపిక చాలు.

స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఉన్న గిటార్లలో ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ కొద్దిగా సడలుతాయి. యంత్రం ఒకటి సరిచేసేలోపు ఇంకొకటి తప్పుతుంది. రెండు మూడు విడతలుగా శ్రుతి చేస్తే తప్ప నిలవదు. ఇటువంటి గిటారుకు మోటారు కీలు అంతగా నప్పవు.

అన్నీ అయ్యాక మిగిలేది తిప్పడంలో తప్పు. ఒక మోటారు అసలు కదలకపోతే ముందు దాని కాంటాక్టులు చూడాలి. చెమట ఉప్పు, దుమ్ము చేరి అవి నల్లబడతాయి. బ్యాటరీ తీసేసి, పొడి మెత్తటి గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి ఆరనివ్వాలి. సెల్‌ఫోను మరమ్మతు దుకాణంలో ఆ ద్రవం ఉంటుంది. తీగ వదులు చేశాక మోటారు తిరిగి, బిగువు ఎక్కగానే ఆగిపోతే లోపలి పళ్లచక్రం అరిగి ఉండవచ్చు. మోటారు రొద వినబడుతూ కడ్డీ కదలకపోయినా అంతే. చేత్తో బలవంతంగా తిప్పడం మాత్రం వద్దు. కొన్ని రకాల్లో కీ పిడిని బయటికి లాగితే మోటారు నుంచి విడిపోతుంది, అప్పుడే చేత్తో తిప్పాలి. ఆ వీలు లేని రకాల్లో గట్టిగా తిప్పితే మిగిలిన పళ్లు కూడా పోతాయి.

పళ్లు అరిగిన యంత్రానికి విడిభాగాలు దొరకడం ఇప్పుడు కష్టం. పోయిన యంత్రంతో గిటారు పోయినట్టు కాదు. ట్రానికల్ యంత్రాలను గిటారుకు కొత్త రంధ్రాలు వేయకుండా బిగించేలా రూపొందించారు. అందువల్ల తీసేయడం కూడా తేలికే. ఆరు తీగలూ ఒక్కటొక్కటిగా పూర్తిగా వదులు చేయాలి. ముందు వైపు కీలను బిగించిన మర నట్లు విప్పి యంత్రాన్ని వెనక నుంచి తీయాలి. కడ్డీ రంధ్రాల కొలత తీసుకుని సరిపోయే మామూలు కీలు తెప్పించాలి. కొలత తీసుకోకుండా తెప్పించినవి రంధ్రంలో కదులుతాయి, శ్రుతి నిలవదు. కీలు మారాక తల బరువు మారి గిటారు భుజం మీద కాస్త వేరుగా వేలాడవచ్చు. తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ ఒకటి పెట్టుకుంటే అది కొయ్య కంపనాన్ని చూసి శ్రుతి చెబుతుంది, తిప్పడం చేతి పని. తీసిన యంత్రంలోని బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. ఎండలో ఉబ్బిన లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి. పాత సెల్‌ఫోను బ్యాటరీలు సేకరించే చోట దాన్ని అప్పగించాలి.